బెత్తం తీసేశారు సరే, దాని చోట ఏం పెట్టారు?

సంపాదకులు గారికి,

నమస్కారం.

ఏ హైస్కూలు స్టాఫ్‌రూంలో పది నిమిషాలు కూర్చున్నా ఒక మాట వినిపిస్తుంది: "పిల్లలకు భయం లేకుండా పోయింది, మన చేతులు కట్టేశారు." ఈ బాధలో నిజం ఉంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. అయితే దానికి మందుగా బెత్తాన్ని మళ్లీ అడగడం మాత్రం సరికాదు.

ముందు చట్టం సంగతి చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే బడిలో పిల్లల్ని కొట్టడాన్ని నిషేధిస్తూ ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 దాన్నే దేశమంతటికీ చెప్పింది. ఆ సెక్షన్‌లో రెండు సంగతులున్నాయి. శారీరక దండన ఒకటి, మానసిక వేధింపు రెండోది. మొదటిది అందరికీ గుర్తుంది, రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు. "మీ నాన్న చేసే పనే నీకూ గతి" అనడం, మార్కులు తక్కువ వచ్చినవాణ్ని బెంచీ ఎక్కించడం, అల్లరి చేసిన అబ్బాయిని అమ్మాయిల వరుసలో కూర్చోబెట్టి అందరి చేతా నవ్వించడం, ఇవన్నీ వేధింపులే. బెత్తం చేసే పనిని చాలాచోట్ల ఇప్పుడు నోరు చేస్తోంది.

అసలు లోటు వేరేచోట ఉంది. బెత్తం తీసేసినప్పుడు దాని బదులు ఏం చేయాలో టీచర్లకు నేర్పలేదు. బీఈడీలో మనోవిజ్ఞానం పేపరు ఉంటుంది, పియాజే, వైగాట్‌స్కీ సిద్ధాంతాలు రాసి పాసవుతాం. ఏడో తరగతి పిల్లవాడు పుస్తకం విసిరికొట్టినప్పుడు ఆ తర్వాతి రెండు నిమిషాల్లో ఎక్కడ నిలబడాలో, ఏ గొంతుతో మాట్లాడాలో ఆ పేపరులో ఉండదు. కోపం వస్తే చెయ్యి లేపకుండా ఆగడం, ఆటలో ఓడిపోతే తట్టుకోవడం, తప్పు జరిగితే ఒప్పుకుని సరిదిద్దుకోవడం పుట్టుకతో వచ్చేవి కావు. వరుసగా, కొంచెం కొంచెంగా, రోజూ సాధన చేయిస్తేనే వస్తాయి. ప్రభుత్వ పత్రాల్లో దీన్ని సామాజిక, భావోద్వేగ అభ్యసనం అంటున్నారు. పేరు బరువుగా ఉంది కానీ లోపల ఉన్నవి ఐదే: తన మనసును తాను గుర్తుపట్టడం, దాన్ని అదుపులో పెట్టుకోవడం, ఎదుటివాళ్ల మనసు తెలుసుకోవడం, నలుగురితో మెలగడం, ఆలోచించి నిర్ణయం తీసుకోవడం.

మాటలతో మొదలుపెట్టాలి. ఇవాళ ఏ పిల్లవాణ్ని "ఎలా ఉన్నావు" అని అడిగినా వచ్చే జవాబులు మూడే: బాగున్నా, బోరు, టెన్షన్. మన భాషలో మాటలకు కరువా? కోపం వేరు, ఉక్రోషం వేరు. ఎదుటివాణ్ని ఏమీ చేయలేక కళ్లలో నీళ్లు తెప్పించేది ఉక్రోషం. మనవాళ్లనుకున్నవాళ్ల మీద వచ్చేది అలక, బతిమాలితే పోతుంది. లోపల దాచుకుని సమయం కోసం కాచుకునేది కచ్చ. నలుగురిలో తీసిపారేస్తే మొహం చిన్నబోతుంది. ఇంటి మీద గాలి మళ్లితే అది బెంగ. ఏదో జరగబోతోందని గుండెలో ఉండేది గుబులు. వీటన్నిటినీ ఒకే "కోపం" కింద చూసే టీచరు అన్నిటికీ ఒకే మందు వేస్తారు. గురుకులంలో కొత్తగా చేరిన ఐదో తరగతి పాప జూలై నెలంతా ఎవరితోనూ మాట్లాడకుండా, పిలిస్తే విసుక్కుంటూ ఉంటే అది పొగరు కాదు, బెంగ. ఆ పాపకు కావలసింది ఇంటికి ఫోన్ చేసే రోజు ఏదో ముందే తెలియడం, పక్క మంచం మీద పడుకునే ఒక అక్క తోడు.

వారానికి ఒక మాట చొప్పున తీసుకుని పన్నెండు మాటలు నేర్పితే ఒక టర్ము సరిపోతుంది. అట్టముక్క మీద మాట రాసి గోడకు పెట్టాలి. ఆ మాట గురించి పిల్లలు మూడు సంగతులు చెప్పాలి: ఇది ఎప్పుడు వస్తుంది, ఒంట్లో ఎక్కడ తెలుస్తుంది, వచ్చినప్పుడు ఏం చేయాలనిపిస్తుంది. మూడోది "ఏం చేయాలి" కాదు, "ఏం చేయాలనిపిస్తుంది". ఏం చేయాలి అని అడిగితే పిల్లలు టీచరుకు నచ్చే జవాబు అప్పజెప్తారు. తెలంగాణ పిల్లలకు రంది, బుగులు, గుస్స అనే మాటలే కార్డు మీద ఉండాలి. కోయ, గోండి, సవర మాట్లాడే ఊళ్లలో వాళ్ల మాటే పైన, తెలుగు కింద.

హాజరు వేసేటప్పుడు ఇంకో చిన్న పని చేయవచ్చు. పేరు పిలవగానే పిల్లవాడు గుండె దగ్గర ఒకటి నుంచి ఐదు వేళ్లు చూపిస్తాడు. ఐదంటే హుషారుగా ఉన్నానని, ఒకటంటే అస్సలు బాగాలేదని. నలభై మందికి అదనంగా పట్టేది ఒక్క నిమిషం. ఒకటి, రెండు చూపించినవాళ్ల దగ్గరికి ఇంటర్వెల్‌లో వెళ్లి పక్కన నిలబడి అడగాలి. ఈ పద్ధతి చెడేది ఒకే ఒక్క చోట. టీచరు అందరి ముందే "ఏరా, ఒక్కటే చూపించావేం, ఏమైంది?" అంటారు. మర్నాటి నుంచి తరగతిలో అందరూ ఐదు వేళ్లే చూపిస్తారు.

ఇక ప్రవర్తన గురించి. ఒక పిల్లవాడితో పదేపదే ఇబ్బంది వస్తుంటే తిట్టే ముందు పది పనిదినాలు రాయండి. నలభై పేజీల నోటుపుస్తకం, పేజీకి మూడు గడులు. గొడవకు ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, ఆ వెంటనే ఏం జరిగింది. పక్కన తేదీ, సమయం, పీరియడ్. కంటికి కనిపించింది, చెవికి వినిపించింది మాత్రమే రాయాలి. "పొగరు చూపించాడు" అని రాయకూడదు. "పుస్తకం కింద పడేశాడు, నేను చదవను అన్నాడు" అని రాయాలి.

అలాంటి పేజీ ఒకటి ఇలా ఉంటుందనుకుందాం. సోమవారం 2.10, సోషల్: పాఠం పైకి చదవమన్నారు, పక్కవాణ్ని గుద్దాడు, బయట నిలబెట్టారు. బుధవారం 11.30, ఇంగ్లీషు: లేచి చదవమన్నారు, పుస్తకం పడేశాడు, అందరూ నవ్వారు, బయటకు పంపారు. గురువారం సైన్సు, జట్లుగా ప్రయోగం: ఏ గొడవా లేదు. శుక్రవారం తెలుగు: పద్యం పైకి చదవమన్నారు, ముందు బెంచీవాడి చొక్కా లాగాడు, బయటకు పంపారు. ఈ నాలుగు వరుసలు ఒకదాని కింద ఒకటి చూస్తే సంగతి తేలిపోతుంది. పిల్లవాడికి పైకి చదవడం రాదు. చదవలేక నవ్వులపాలు కావడం కంటే అల్లరివాడనిపించుకుని బయట నిలబడటం వాడికి నయం. మనం శిక్ష అనుకుంటున్నది వాడికి కావలసిన విడుదల. ప్రతిసారీ మనమే దాన్ని చేతికిస్తున్నాం, అందుకే అల్లరి పెరుగుతోంది.

ఇప్పుడు మూడు పనులు ఒకేసారి చేయాలి. హఠాత్తుగా చదవమని లేపడం ఆపి, రేపు చదవబోయే నాలుగు వాక్యాలు ఇవాళే చెప్పి ఒక స్నేహితుడితో చదివించాలి. బయటకు పంపడం మానాలి. దాని బదులు "ఇప్పుడు వద్దు" అని చెప్పడానికి వారానికి రెండుసార్లు వాడుకునేలా ఒక చీటీ ఇవ్వాలి, గొడవ చేయకుండానే తప్పుకునే దారి అది. మూడోది, అన్నిటికంటే కష్టమైనది: వాడికి చదవడం నేర్పాలి, రోజుకు ఇరవై నిమిషాలు, ఏడో తరగతి పుస్తకం పక్కనపెట్టి వాడికి వచ్చిన స్థాయి నుంచి. ఇక్కడ ఒక హెచ్చరిక. మొదటి వారం అల్లరి తగ్గకపోవచ్చు, ఇంకా పెరగవచ్చు కూడా. ఇన్నాళ్లూ పనిచేసిన ఉపాయం పనిచేయకపోతే ఎవరైనా ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తారు కదా. చాలామంది సరిగ్గా నాలుగో రోజున "ఇదంతా పుస్తకాల్లో మాట" అని వదిలేస్తారు. అప్పుడు పిల్లవాడు నేర్చుకునేది ఒకటే: ఇంకొంచెం గట్టిగా చేస్తే పనవుతుందని.

అన్ని పేజీలూ ఇలాగే తేలవు. కొందరికి కావలసింది టీచరు చూపు, అది తిట్టు రూపంలో వచ్చినా సరే. కొందరిది ఒంటి బాధ: పొద్దున ఏమీ తినకుండా రావడం, రాత్రి పన్నెండు దాకా ఫోను, వెనక బెంచీ నుంచి బోర్డు కనపడకపోవడం, ఒక చెవి వినపడకపోవడం. గొడవలన్నీ మూడో పీరియడ్‌లోనే రాసి ఉంటే ముందు ఆకలి గురించి అడగండి.

పిల్లవాడు కోపంతో ఊగిపోతున్నప్పుడు పాఠం చెప్పకూడదు. టీచరు గొంతు తగ్గాలి. ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా, రెండు మూరల దూరంలో నిలబడాలి, వేలు చూపించకూడదు. మిగతా తరగతికి ఏదో ఒక రాతపని ఇస్తే చూసేవాళ్లు తగ్గుతారు, చూసేవాళ్లు తగ్గితే వెనక్కి తగ్గడం వాడికి తేలికవుతుంది. చెప్పేది ఒక చిన్న మాట, రెండు దారులతో: "ఇక్కడే కూర్చుంటావా, నీళ్లు తాగి వస్తావా?" చెప్పి పది సెకన్లు నోరు మెదపకుండా ఆగాలి. ఆ పది సెకన్లు ఆగలేకే చాలా గొడవలు పెద్దవవుతాయి. నాలుగు లెక్కపెట్టేంత సేపు ఊపిరి తీసుకుని ఆరు లెక్కపెట్టేంత సేపు వదలడం, అలా ఐదుసార్లు, మంచి సాధన. అయితే దాన్ని మామూలు రోజుల్లో, అందరూ బాగున్నప్పుడు చేయించాలి. గొడవ మధ్యలో మొదటిసారి నేర్పబోవడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే. కళ్లు మూసుకోమని బలవంతం చేయవద్దు. ఇంట్లో దెబ్బలు చూసిన పిల్లలకు కళ్లు మూసుకుంటే భయం పెరగవచ్చు, నేల వైపు చూస్తే చాలు.

మాట్లాడేది అరగంట తర్వాత, విడిగా. నాలుగు ప్రశ్నలు చాలు. ఏం జరిగింది? అప్పుడు నీ మనసులో ఏముంది? దీనివల్ల ఎవరికి ఇబ్బంది కలిగింది? సరిచేయడానికి నువ్వేం చేయగలవు? "ఎందుకు చేశావు" అనే ప్రశ్న ఇందులో లేదు. ఆ ప్రశ్నకు పిల్లల దగ్గర నిజమైన జవాబు ఉండదు, సాకులే వస్తాయి. నాలుగో ప్రశ్నకు "సారీ చెప్తాను" అన్నది సగం జవాబే. చింపిన పుస్తకానికి అట్ట వేయడం, ఒలకబోసిన అన్నం చోట నేల తుడవడం, పెట్టిన ఎగతాళి పేరు పిలవడం మానతానని ఆ పిల్లవాడికే చెప్పడం, ఇలా చేతికి పని ఉండాలి. ప్రార్థన సమయంలో అందరి ముందు నిలబెట్టి చెప్పించే సారీ వల్ల కచ్చ తప్ప ఇంకేమీ మిగలదు.

ఒక మినహాయింపు ఉంది. ఇద్దరు సమానులు కొట్టుకుంటే పక్కపక్కన కూర్చోబెట్టి మాట్లాడించవచ్చు. ఒకడు ఇంకొకణ్ని రోజూ ఏడిపిస్తుంటే, లేదా కులం పేరుతో, ఒంటి రంగుతో, నడకతో, మాటతో హేళన చేస్తుంటే ఆ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయించకూడదు. బలహీనుడు అక్కడ తలూపి, బయటికి వెళ్లాక రెండింతలు అనుభవిస్తాడు. విడివిడిగా మాట్లాడాలి. హేళన జరిగే చోటు ఏదో కనుక్కోవాలి, ఎక్కువగా అది భోజనాల వరుస, మరుగుదొడ్ల దారి, బస్సు వెనక సీటు. అక్కడ ఒక పెద్ద మనిషి నిలబడాలి.

వెంటనే ఆపాల్సింది ఒకటుంది. టీచరు లేనప్పుడు క్లాస్ లీడరు బోర్డు మీద "మాట్లాడినవారు" అని రాసి కింద పేర్లు రాయడం మన బడుల్లో తరతరాలుగా ఉంది. పేరు పక్కన ఇంటూ గుర్తులు పెరుగుతుంటాయి. లీడరుకు పడనివాడి పేరు ముందు వస్తుంది, పెన్ను ఇచ్చినవాడి పేరు చెరిగిపోతుంది. పన్నెండేళ్ల పిల్ల చేతికి తోటివాళ్లను శిక్షించే అధికారం ఇచ్చి, దాన్ని ఎలా అమ్ముకోవాలో కూడా మనమే నేర్పుతున్నాం. ఆ బోర్డు మీద ఈ పది నిమిషాల్లో చేయాల్సిన పని రాసి వెళ్తే చాలు. ఒకడు చేసినదానికి తరగతి మొత్తానికి ఆటల పీరియడ్ తీసేయడం కూడా మానాలి.

దీనంతటికీ సమయం ఎక్కడుంది అంటారు. ఆయుష్మాన్ భారత్ కింద 2020 ఫిబ్రవరిలో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో బడికి ఇద్దరు టీచర్లు, వారానికి ఒక గంట, పదకొండు అంశాలు అని రాసి పెట్టారు. అందులో భావోద్వేగ ఆరోగ్యం, తోటివారితో సంబంధాలు, మత్తుపదార్థాలు, ఇంటర్నెట్ భద్రత అన్నీ ఉన్నాయి. కాగితం మీద లోటు లేదు. టైంటేబుల్‌లో మాత్రం ఆ గంట శనివారం చివరి పీరియడ్‌కు పోతుంది, లెక్కల సిలబస్ మిగిలితే అదీ పోతుంది. పదో తరగతికి సంక్రాంతి తర్వాత ఇక ఆ ఊసే ఉండదు, నిజానికి వాళ్లకు ఎక్కువ అవసరమైనది అప్పుడే. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018 జూలైలో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా హ్యాపీనెస్ తరగతులు పెట్టినప్పుడు చేసిన మంచి పని రెండు: టైంటేబుల్‌లో విడిగా పీరియడ్ ఇచ్చారు, దానికి పరీక్ష పెట్టలేదు. పరీక్ష పెడితే నీతికథ, నోట్సు, ఐదు మార్కుల ప్రశ్న, అంతటితో సరి.

చదువు దెబ్బతింటుందని భయపడేవాళ్లకు ఒక లెక్క. 2011లో అమెరికా పరిశోధకుడు జోసెఫ్ డర్లాక్ బృందం ఇలాంటి 213 కార్యక్రమాలను, 2,70,034 మంది విద్యార్థుల ఫలితాలను కలిపి పరిశీలించింది. వాటిలో ఎక్కువ అమెరికా బడులవే. చదువులోనే సగటున 11 పర్సంటైల్ పాయింట్ల మెరుగు కనిపించింది, అంటే వంద మందిని మార్కుల వరుసలో నిలబెడితే మధ్యలో ఉండే పిల్లవాడు పదకొండు స్థానాలు ముందుకు వచ్చినట్టు. అంతకంటే మనకు పనికొచ్చేది వాళ్లు చెప్పిన ఇంకో రెండు సంగతులు. తరగతి టీచరే చేసినా ఈ కార్యక్రమాలు ఫలించాయి, బయటి నిపుణులే కావాలని లేదు. వరుసగా, పిల్లలచేత చేయిస్తూ, విడిగా సమయం ఇచ్చి, ఏ నైపుణ్యం నేర్పుతున్నామో స్పష్టంగా పెట్టుకున్నచోటే ఫలితం బాగా వచ్చింది.

అందుకే శిక్షణ గురించి గట్టిగా చెప్పాలి. రెండు వందల మందిని హాల్లో కూర్చోబెట్టి ఒక రోజు తెర మీద చూపించేది శిక్షణ కాదు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో అరగంట ఇవ్వండి. ఒక టీచరు తన మూడు గడుల పేజీ, పిల్లవాడి పేరు లేకుండా, తెచ్చి పెట్టాలి. మిగతావాళ్లు కలిసి అది దేనికోసం జరుగుతోందో ఆలోచించాలి. తర్వాతి సమావేశంలో ఏమైందో చెప్పాలి. పోస్టులు ఖాళీగా ఉండి, ఒక్కరే రెండు తరగతులు చూస్తూ, యాప్‌లో ఫోటోలు ఎక్కిస్తూ ఉన్న టీచరుకు ఓపిక గురించి ఉపన్యాసం ఇవ్వడం అన్యాయం. ఓపిక ఉండాలంటే ముందు ఆ బరువు దించాలి.

ఇలా మాట్లాడటం మొదలుపెడితే పిల్లలు నోరు విప్పుతారు. దానికి బడి సిద్ధంగా ఉండాలి. "ఎవరికీ చెప్పను" అని టీచరు ఎప్పుడూ మాటివ్వకూడదు. "నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదం ఉంటే చెప్పాల్సి వస్తుంది, మిగతాది నా దగ్గరే ఉంటుంది" అని ముందే చెప్పాలి. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, హెచ్‌ఎంకు చెప్పి ఊరుకుంటే సరిపోదు. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు, తన కింద పనిచేసేవాళ్ల నేరాన్ని చెప్పని సంస్థ బాధ్యులకైతే ఏడాది దాకా జైలు, జరిమానా. మిగతా సంగతులు మాత్రం స్టాఫ్‌రూంలో టీతోపాటు పంచుకునేవి కావు.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ చనిపోయిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరు గానీ మనస్తత్వ నిపుణులు గానీ సామాజిక కార్యకర్త గానీ ఉండాలి, సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం మానుకోవాలి అని అందులో ఉంది. మన రెండు రాష్ట్రాల్లో హైస్కూళ్లు, గురుకులాలు, కార్పొరేట్ కళాశాలలు చాలావరకు ఈ వందను దాటేవే. ఎన్ని చోట్ల కౌన్సెలరు ఉన్నారో విద్యాశాఖ మండలాలవారీగా ప్రకటించాలి. పీఈటీకి ఆ పేరు తగిలించి లెక్క సరిచేయకూడదు.

సహాయ నంబర్లు పెద్ద అక్షరాల్లో పెట్టాలని కూడా కోర్టు చెప్పింది. మనసు బాధలకు టెలీ మానస్ 14416, ఆపదలో ఉన్న పిల్లలకు చైల్డ్‌లైన్ 1098. ఇవి ఇప్పుడు ఉన్నచోట కూడా హెచ్‌ఎం గది గోడ మీద ఫ్రేములో ఉంటున్నాయి. పిల్లవాడు ఆ గదిలోకి వెళ్లేదే తిట్లు తినడానికి. చేతులు కడుక్కునే కుళాయిల పైన, మరుగుదొడ్డి తలుపు లోపలి వైపున, ఆరో తరగతి పిల్ల కంటి ఎత్తులో రంగుతో రాయించండి. అక్కడైతే ఎవరూ చూడకుండా చదువుకోవచ్చు.

భవదీయురాలు,
ఒక ఉపాధ్యాయ శిక్షకురాలు,
కాకినాడ